దారువుకు ఫుల్ మార్కులు, పోషక కణజాలానికి పాస్ మార్కులు: ఒక స్లైడ్ల పెట్టె సంగతి

మొక్కల్లో నీరు, ఆహారం ఏ దారుల్లో తిరుగుతాయో చూపించే స్లైడ్ల పెట్టె ఒకటి ఈ మధ్య తెప్పించుకున్నాను. అందులో 12 తయారు స్లైడ్లు, కొమ్మ ఎంత నీరు పీలుస్తుందో కొలిచే ఒక చిన్న గాజు పరికరం (పోటోమీటరు), ఒక సీసాలో ఎర్ర రంగు, ఒక గైడు పుస్తకం ఉన్నాయి. కంపెనీ పేరు రాయడం లేదు. ఇలాంటి పెట్టెలు వేర్వేరు పేర్లతో దాదాపు ఒకే సరుకుతో వస్తుంటాయి. కాబట్టి ఏ పెట్టె కొన్నా ఏం పరీక్షించి చూసుకోవాలో చెబితేనే చదివేవాళ్లకు ఎక్కువ పనికొస్తుంది.

నేను చాలా కాలం బోటనీ ల్యాబులో డిమాన్‌స్ట్రేటర్‌గా పనిచేశాను. కాండం ముక్కని ఎడమచేత్తో పట్టుకుని, తడి బ్లేడుతో పల్చగా కోసి, వాచ్‌గ్లాసు నీళ్లలో వేసి, వాటిలో తేలిగ్గా తేలేదాన్ని బ్రష్‌తో ఏరి, ఒక చుక్క శాఫ్రనిన్ అనే ఎర్ర రంగు వేసి చూపించడం నా రోజువారీ పని. అందుకని తయారు స్లైడు చూస్తే ముందు తప్పులే వెతుకుతాను. ఇప్పుడు ఇంట్లో కొంతమంది పెద్ద తరగతుల పిల్లలకు పాఠాలు చెబుతున్నాను, వాళ్లతో పాటు మా మేనకోడలు కూడా కూర్చుంటుంది. నా దగ్గరున్నది మామూలు స్టూడెంట్ మైక్రోస్కోపు, 4, 10, 40 లెన్సులున్నది. ఈ రివ్యూ అంతా దాని కింద చూసి రాసిందే. ఖరీదైన మైక్రోస్కోపు ఉన్నవాళ్లకు ఇంకొంచెం మెరుగ్గా కనపడొచ్చు.

ముందే చెప్పేస్తాను. నీరు ఎక్కే దారి, అంటే దారువు, ఈ పెట్టెలో అద్భుతంగా కనపడుతుంది. ఆహారం నడిచే దారి, పోషక కణజాలం, అంతంతమాత్రం. గైడు పుస్తకం మాత్రం వెంటనే పక్కన పెట్టేయండి. పోషక కణజాలం సరిగ్గా కనపడకపోవడం తయారీదారు తప్పు సగమే, మిగతా సగం ఆ కణజాలం స్వభావం. ఆ సంగతి ఒక్క వాక్యంలో రాసినా సరిపోయేది, పుస్తకంలో ఆ ఒక్క వాక్యమే లేదు.

మంచి స్లైడుతో మొదలుపెడతాను. మొక్కజొన్న కాండం అడ్డుకోత ఈ పెట్టెలో నంబర్ వన్. చిన్న లెన్సు కింద పెడితే కాండం అంతటా చెల్లాచెదురుగా నాళికాపుంజాలు, అంటే దారువూ పోషక కణజాలమూ కలిసున్న కట్టలు, కనపడతాయి, అంచు దగ్గర చిన్నవి ఒత్తుగా, లోపలికి వెళ్లేకొద్దీ పెద్దవి దూరదూరంగా. 40 లెన్సు తిప్పితే ఒక్కో పుంజం అచ్చం కోతి మొహం. రెండు పెద్ద దారునాళాలు కళ్లు, కింద తెరుచుకున్న నోరులా ఒక ఖాళీ, పైన నుదురు ఉండాల్సిన చోట పోషక కణజాలం. ఆ ఖాళీ ఊరికే వచ్చింది కాదు. మొక్క పొడవు పెరిగేటప్పుడు మొదట ఏర్పడ్డ దారునాళాలు సాగి సాగి చివరికి చిరిగిపోతే మిగిలిన జాగా అది. మా స్లైడులో ఆ ఖాళీ అంచున చిరిగిన నాళం తాలూకు వలయం ఒకటి ఎర్రగా వేలాడుతూ కనపడింది. బ్లేడుతో కోసిన సెక్షన్లలో ఆ వలయం ఎప్పుడూ కొట్టుకుపోయేది. యంత్రంతో కోసిన మంచి సెక్షన్ కాబట్టే దొరికింది. దీనికి ఎన్ని మార్కులైనా ఇవ్వొచ్చు.

రంగుల గురించి ఒక మాట. ఈ పెట్టెలో దాదాపు అన్ని స్లైడ్లకూ శాఫ్రనిన్, ఫాస్ట్ గ్రీన్ జంట రంగులు వేశారు. లిగ్నిన్ పట్టి గట్టిపడిన గోడలు ఎర్రగా, మామూలు సెల్యులోజు గోడలు పచ్చగా తేలతాయి. అందుకే దారునాళాలు ఎర్రగా, పోషక కణజాలం పచ్చగా ఉంటుంది. పుస్తకంలో ఈ ముక్క ఎక్కడా రాయలేదు. ఫలితం ఏమిటంటే, మా మేనకోడలు రెండో స్లైడు చూస్తూనే అడిగింది, "అత్తా, నిజం మొక్కని కోస్తే ఇలా ఎర్రగా ఎందుకుండదు?" న్యాయమైన ప్రశ్న. పిల్లలు దారువు అంటేనే ఎర్రటిదని అనుకుంటే తప్పు వాళ్లది కాదు. ఈ పెట్టె కొంటే మొదటి స్లైడు పెట్టకముందే ఇది వాళ్లకు చెప్పెయ్యండి.

మొక్కజొన్న నిలువుకోత స్లైడు కూడా బాగుంది. వలయాల్లా, స్ప్రింగుల్లా మందమెక్కిన గోడలు వరసగా కనపడతాయి. ముందుగా ఏర్పడే నాళాలకు ఇలాంటి గోడలు ఉండటంలోనే అర్థం ఉంది. లోపలి పీల్పుకి గోడ నొక్కుకుపోకుండా వలయం ఆపుతుంది, వలయానికీ వలయానికీ మధ్య పల్చగా ఉంటుంది కాబట్టి కాండంతో పాటు సాగగలదు. తర్వాత వచ్చే పెద్ద నాళాలు సాగాల్సిన పని లేదు, అందుకే వాటి గోడంతా మందమెక్కి, మధ్యమధ్యలో గుంటలు మాత్రం మిగిలి ఉంటాయి. ఒకే స్లైడులో ఈ రెండూ పక్కపక్కన కనపడటం అదృష్టమనే చెప్పాలి.

పైన్ కలప స్లైడుకి కూడా మంచి పేరే ఇస్తాను. పైన్‌లో వెడల్పాటి నాళాలు ఉండవు, సన్నటి దారుకణాలే ఉంటాయి. నీరు ఒక కణం నుంచి ఇంకో కణంలోకి పక్కగోడల గుంటల ద్వారా వెళ్తుంది. నిలువుకోతలో ఆ గుంటలు ఒక వలయంలో ఇంకో వలయంగా వరసగా కనపడతాయి. ఒక్కో గుంట మధ్యలో చిన్న బిళ్ల లాంటి మందపాటి భాగం ఉంటుంది. పక్క కణంలోకి గాలి దూరితే ఆ బిళ్ల ఒక వైపుకు జరిగి దారి మూసేస్తుంది, గాలి ఆ ఒక్క కణంతో ఆగిపోతుంది. పెద్ద నాళాలున్న మొక్కలకు ఇంత కట్టుదిట్టం ఉండదు, కానీ వాటికి వేగం ఉంటుంది. ఒక గొట్టం వెడల్పు రెండింతలైతే, అదే పీడనంతో అందులో పారే ద్రవం పదహారింతలవుతుంది. ఓక్ లాంటి చెట్లలో నీరు గంటకు పదుల మీటర్ల వేగంతో కూడా ఎక్కుతుంది. పైన్ అంత వేగంగా పోదు, కానీ గడ్డకట్టే చలిలో, ఎండల్లో గాలిబుడగలకు తట్టుకుంటుంది. ఈ పోలికని పుస్తకంలో అచ్చువేసి ఉంటే ఎంత బాగుండేది!

ఇక బాస్‌వుడ్ అనే చెట్టు మూడేళ్ల కాండం. వలయాలు లెక్కపెట్టుకోవచ్చు, మధ్యలో దవ్వ, దాని చుట్టూ మూడు పొరల దారువు, ఆ తర్వాత కొత్త కణాల్ని పుట్టించే విభాజ్య కణావళి, బయట త్రిభుజాల్లా విడిపోయిన పోషక కణజాలం. ఈ ఒక్క స్లైడు ముందు పెట్టుకుని గంట మాట్లాడొచ్చు. దారువు ఏటికేడు పోగవుతూ కలప అవుతుంది, బయటి పోషక కణజాలంలో పాతది నలిగి బెరడులో కలిసిపోతుంది. చెట్టు బెరడుని చుట్టూ వలయంలా తీసేస్తే ఏమవుతుందో 17వ శతాబ్దంలోనే మాల్పీజీ అనే ఇటలీ శాస్త్రవేత్త చేసి చూశాడు. వలయం పైన ఉబ్బుతుంది, ఆకులు మాత్రం వెంటనే వాడిపోవు. ఎందుకో ఈ స్లైడు మీద వేలు పెట్టి చూపించొచ్చు. బెరడుతో పాటు పోయింది పోషక కణజాలం, లోపలి దారువు చెక్కుచెదరలేదు. నీరు ఎక్కుతూనే ఉంటుంది, దిగాల్సిన చక్కెర మాత్రం వలయం దగ్గర ఆగి పోగవుతుంది. కాలం గడిచాక వేళ్లకు తిండి అందక చెట్టు చస్తుంది.

పొద్దుతిరుగుడు కాండం స్లైడు దగ్గర మొదటి చిరాకు. పెట్టే పద్ధతి సరిగ్గా లేక కవర్‌స్లిప్ కింద జిగురు మందంగా మిగిలింది. 10 లెన్సు వరకు బాగుంది, 40 లెన్సు పెడితే ఫోకస్ అందదు. లెన్సుని ఇంకా కిందికి దించితే గాజుకు తగులుతుంది. పిల్లల చేతిలో ఇది ప్రమాదం, స్లైడు పగలడమే కాదు, లెన్సు మీద గీత పడుతుంది. పెట్టె రాగానే ప్రతి స్లైడునీ 40 లెన్సు కింద మీరే ఒకసారి పెట్టి చూసుకోండి. ఫోకస్ రానిది తిరిగి పంపండి.

రెండో చిరాకు లేబుళ్లు. బటర్‌కప్ వేరు, మొక్కజొన్న వేరు, ఈ రెండింటి లేబుళ్లు తారుమారయ్యాయి. బటర్‌కప్ అని రాసిన స్లైడులో మధ్యన దవ్వ, దాని చుట్టూ బోలెడన్ని దారువు గుంపులు కనపడ్డాయి. ద్విదళ బీజ మొక్క వేరులో అలా ఉండదు. బటర్‌కప్ వేరు మధ్యలో దారువు నక్షత్రంలా, సాధారణంగా నాలుగు చేతులతో ఉంటుంది, ఆ చేతుల మధ్య సందుల్లో పోషక కణజాలం ముద్దలు ఉంటాయి. తెలిసినవాళ్లకు ఇది ఒక్క చూపులో తేలిపోతుంది, కానీ ఇంట్లో ఒంటరిగా నేర్చుకునే పిల్లవాడి సంగతేమిటి? కస్టమర్ కేర్‌కి రాస్తే మొదట వచ్చిన జవాబు, "స్లైడ్లలో సహజమైన తేడాలు ఉండొచ్చు" అని! బటర్‌కప్ వేరులో దవ్వ పుట్టుకొచ్చేంత సహజమైన తేడా ఎక్కడా ఉండదండీ అని ఫొటో పెట్టి మళ్లీ రాశాను. అప్పుడు రెండు కొత్త స్లైడ్లు పంపించారు. వాటి లేబుళ్లు సరిగ్గానే ఉన్నాయి.

ఆ బటర్‌కప్ స్లైడు మాత్రం చూడదగ్గది. నక్షత్రం చుట్టూ అంతశ్చర్మం అనే కణాల వరస వలయంలా స్పష్టంగా ఉంది. మట్టిలోంచి మూలకేశాల ద్వారా వచ్చిన నీరు కణాల గోడల సందుల్లోంచి కొంత దూరం స్వేచ్ఛగా నడిచినా, ఈ వలయం దగ్గర కణాల గోడల్లో నీటిని దూరనివ్వని కాస్పేరియన్ పట్టీ అడ్డుపడుతుంది. అక్కణ్నుంచి కణం లోపలికి దూరి తీరాలి. మొక్క ఏ లవణాన్ని లోపలికి రానివ్వాలో, దేన్ని ఆపాలో తేల్చుకునేది అక్కడే. ఈ పెట్టెలో ఆ పట్టీ విడిగా కనపడుతుందని ఆశ పెట్టుకోకండి, అంతశ్చర్మం కణాలు మందమెక్కి ఎర్రగా తేలడం మాత్రం కనపడుతుంది.

ఇప్పుడు అసలు గొడవ, పోషక కణజాలం. దీని కోసం పెట్టెలో గుమ్మడి కాండం స్లైడ్లు రెండు పెట్టారు, అడ్డుకోత ఒకటి, నిలువుకోత ఒకటి. ఎంపిక సరైనదే. గుమ్మడి జాతిలో చాలనీ నాళాలు, అంటే పోషక కణజాలంలో ఆహారం నడిచే గొట్టాలు, చాలా పెద్దవి, పైగా ఒక్కో పుంజంలో దారువుకి బయటా లోపలా రెండు వైపులా పోషక కణజాలం ఉంటుంది. అడ్డుకోతలో అదృష్టం బాగుంటే ఆ గొట్టానికి అడ్డంగా ఉండే గోడ, చాలనీ ఫలకం, ఎదురుగా దొరుకుతుంది, జల్లెడలా చిల్లులు కనపడతాయి. మా స్లైడు మొత్తం వెతికితే అలా చిల్లులతో సహా దొరికినవి ఒకటో రెండో. మిగతావన్నీ వంకరగా కోయబడి, పచ్చటి గీతల్లా ఉన్నాయి. నిలువుకోతలో చాలనీ నాళం మధ్యలో పదార్థం అంతా ఫలకం దగ్గరికి జరిగి ముద్దగా గడ్డకట్టింది. పుస్తకం దాన్నే చూపించి, "చాలనీ నాళంలో ప్రయాణిస్తున్న ఆహారం" అని రాసింది. అది పూర్తిగా తప్పు.

అది ప్రయాణిస్తున్న ఆహారం కాదు, ఆగిపోయిన ప్రయాణం. దారునాళం పనిచేయడం మొదలుపెట్టే నాటికే దాని కణాలు చచ్చిపోయి, లోపల ఖాళీ అయి ఉంటాయి. కాబట్టి కోసినా, రంగు వేసినా, జిగురులో పెట్టినా దాని రూపం పెద్దగా మారదు. మీరు స్లైడులో చూసేది బతికున్న మొక్కలో ఉన్నదే. చాలనీ నాళం అలా కాదు. అది బతికున్న కణం. కేంద్రకం పోగొట్టుకుంటుంది, పక్కనున్న సహకణం సాయంతో బతుకుతుంది, లోపల తియ్యటి ద్రవం గట్టి పీడనం కింద ఉంటుంది. బ్లేడు తగిలిన క్షణమే ఆ పీడనం పడిపోతుంది, లోపలి ద్రవం దెబ్బ తగిలిన వైపు దూసుకొస్తుంది, లోపలి ప్రోటీను ఫలకం చిల్లులకు అడ్డంపడుతుంది, ఆపైన కేలోజ్ అనే పదార్థం వచ్చి చిల్లుల్ని బిగిస్తుంది. మొక్క తన చక్కెర కారిపోకుండా చేసుకునే ఏర్పాటు అది. అంటే మనం చూసే ప్రతి పోషక కణజాలం స్లైడూ గాయం తగిలిన తర్వాతి బొమ్మే. బతికున్న నాళంలో ఆ చిల్లులు తెరిచి ఉంటాయా, మూసుకుని ఉంటాయా అని ఎలక్ట్రాన్ మైక్రోస్కోపులు వచ్చాక శాస్త్రవేత్తలే ఏళ్ల తరబడి వాదించుకున్నారు. కారణం ఇదే.

అందుకే అన్నాను, తప్పు సగమే తయారీదారుది అని. ఏ కంపెనీ అయినా ఇంతకంటే గొప్ప పోషక కణజాలం స్లైడు చేయడం కష్టం. కానీ కనీసం ఇంకొన్ని ఫలకాలు నిటారుగా దొరికే సెక్షను ఎంచుకోవచ్చు. గడ్డకట్టిన ముద్ద గాయం వల్ల వచ్చిందని రాయొచ్చు.

ఆహారం నిజంగా ఎలా కదులుతుందో చూపించిన ప్రయోగం పేనుబంకది, పుస్తకంలో దాని ప్రస్తావనే లేదు. పేనుబంక తన సూదిలాంటి నోటిని సరిగ్గా ఒక్క చాలనీ నాళంలోకి దించుతుంది. అది తాగుతుండగా మత్తు ఇచ్చి, నోటి భాగాన్ని మాత్రం అక్కడే ఉంచి పురుగుని కోసి తీసేస్తే, ఆ తెగిన నోటి చివర నుంచి ద్రవం గంటల తరబడి చుక్కలుగా వస్తూనే ఉంటుంది. 1953లో కెనెడీ, మిట్లర్ అనే ఇద్దరు ఈ పద్ధతి వాడారు. పురుగు పీల్చడం లేదు, అసలు పురుగే లేదు, అయినా ద్రవం వస్తోంది. అంటే లోపలి పీడనమే తోస్తోంది. ఆ ద్రవంలో చక్కెర తరచుగా 10 నుంచి 25 శాతం దాకా ఉంటుంది. పీడనం సుమారు పది వాతావరణాలు, అంటే మన చుట్టూ ఉన్న గాలి పీడనానికి పది రెట్లు. ఈ కథ చెబితే మా మేనకోడలు మొహం చిట్లించి, "పాపం ఆ పురుగు" అంది. ఏదైతేనేం, పీడన ప్రవాహం మాత్రం అది జన్మలో మర్చిపోదు.

పుస్తకంలో ఇంకో పెద్ద పొరపాటు బొమ్మలో ఉంది. దారువు పక్కన పైకి బాణం, పోషక కణజాలం పక్కన కిందికి బాణం గీశారు. నీటి సంగతి సరే. ఆహారం ఎప్పుడూ కిందికే పోదు. చక్కెర తయారయ్యే చోటు నుంచి అవసరమైన చోటుకి పోతుంది, అది కిందనున్న వేరు కావచ్చు, పైనున్న కొత్త చిగురు కావచ్చు, కాయ కావచ్చు. దుంపలో దాచుకున్న పిండిపదార్థం మొలక వచ్చేటప్పుడు పైకే వస్తుంది. 1930లో ఎర్నెస్ట్ మ్యూంచ్ వివరించిన లెక్క ప్రకారం, ఆకులో చాలనీ నాళంలోకి చక్కెర ఎక్కితే పక్కనున్న దారువు నుంచి నీరు ద్రవాభిసరణంతో అందులోకి వస్తుంది, పీడనం పెరుగుతుంది. అవతలి చివర చక్కెర దిగిపోతే నీరు కూడా బయటికి పోతుంది, పీడనం తగ్గుతుంది. ఈ తేడాతో మధ్యలో ఉన్న ద్రవమంతా గంటకు మీటరు అటూఇటుగా కదులుతుంది. దారువూ పోషక కణజాలమూ ప్రతి పుంజంలో పక్కపక్కనే ఎందుకుంటాయో ఇక్కడ అర్థమవుతుంది, ఒకదాని నీరే రెండోదాన్ని నడుపుతోంది. పెట్టెలోని ఆకు అడ్డుకోతలో ఈనె మధ్య పైన దారువు, కింద పోషక కణజాలం అంటిపెట్టుకుని కనపడతాయి. ఆ స్లైడులో ఒక గాలిబుడగ ఉంది గానీ ఈనెకు దూరంగా ఉంది కాబట్టి వదిలేశాను.

నీటి విషయంలో కూడా పుస్తకం దారి తప్పింది. "వేరు పీడనం నీటిని చెట్టు చివరి దాకా నెడుతుంది" అని లావు అక్షరాల్లో రాశారు. తమాషా ఏమిటంటే అదే పెట్టెలో ఉన్న పోటోమీటరు ఈ వాక్యాన్ని అక్కడికక్కడే కొట్టిపారేస్తుంది. పోటోమీటరులో పెట్టేది కోసిన కొమ్మ. దానికి వేరు అన్నదే లేదు! అయినా గొట్టంలో బుడగ కొమ్మ వైపు జరుగుతూనే ఉంటుంది. ఫ్యాను పెడితే వేగం పెరుగుతుంది, ఆకుల అడుగున పెట్రోలియం జెల్లీ రాస్తే తగ్గిపోతుంది. నీటిని లాగేది పైనుంచి, ఆకుల్లోంచి, పత్రరంధ్రాల్లోంచి నీరు ఆవిరై పోవడం వల్ల, అంటే బాష్పోత్సేకం వల్ల. మొక్క పీల్చిన నీటిలో 95 శాతానికి పైగా ఇలా ఆవిరై పోయేదే.

వేరు పీడనం లేదని కాదు. తెల్లవారుజామున కొన్ని మొక్కల ఆకు అంచుల్లో నీటి చుక్కలు నిలుస్తాయి, అది వేరు పీడనం పనే. కానీ ఆ పీడనం మామూలుగా ఒకటి రెండు వాతావరణాలకు మించదు, బాష్పోత్సేకం జోరుగా ఉన్న పగటిపూట దాదాపు ఉండనే ఉండదు. నీటిని పది మీటర్లు ఎత్తడానికే ఒక వాతావరణం కావాలి. ఇప్పుడు తెలిసిన అన్నిటికన్నా పొడవైన చెట్టు, హైపీరియన్ అనే రెడ్‌వుడ్, 115 మీటర్లు దాటింది. కేశనాళికీయత వల్ల అనుకుంటే అదీ చాలదు. 40 మైక్రాన్ల వెడల్పున్న గొట్టంలో నీరు దానంతటదే ఎక్కేది 75 సెంటీమీటర్ల వరకే. మిగిలింది డిక్సన్, జాలీ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు 1894లో ముందుకు తెచ్చిన వివరణ. నీటి అణువులు ఒకదాన్నొకటి గట్టిగా పట్టుకుని ఉంటాయి, పైన ఆకులో ఆవిరైనప్పుడు పుట్టే లాగుడు కింద వేరు దాకా తెగకుండా సాగుతుంది. అంతకుముందే స్ట్రాస్‌బర్గర్ అనే శాస్త్రవేత్త కోసిన చెట్టుని విషద్రావణంలో నిలబెట్టి చూశాడు. కాండంలో బతికున్న కణాలు చచ్చినా ద్రావణం పైకి ఎక్కుతూనే ఉంది. 1920లలో జగదీశ్ చంద్ర బోస్ కణాల స్పందనే నీటిని పైకి పంపుతుందని వాదించారు. ఆయన పరికరాలంటే నాకు ఎంతో గౌరవం, కానీ ఈ వాదన నిలబడలేదు.

లాగుడు కింద ఉన్న నీరు కాబట్టే దారువుకి గాలి అంటే భయం. ఒక బుడగ దూరితే ఆ నాళంలో నీటి ధార తెగుతుంది. ఎండకు వాడే మొక్కలో ఇలా ధారలు తెగే టిక్కు టిక్కు చప్పుళ్లని 1966లో మిల్‌బర్న్, జాన్సన్ అనే ఇద్దరు పరికరాలతో విని రికార్డు చేశారు. పోటోమీటరు వాడేవాళ్లకు ఇది నేరుగా పనికొచ్చే సంగతి. కొమ్మని నీళ్ల అడుగునే కోయండి, నీళ్లలోనే గొట్టానికి బిగించండి. గాలిలో కోసి తెచ్చి పెడితే నాళాల్లోకి గాలి వెళ్లి బుడగ కదలనే కదలదు, పిల్లలు ప్రయోగం ఫెయిలైందని నిరుత్సాహపడతారు. పుస్తకంలో ఈ జాగ్రత్త రాయలేదు.

పోటోమీటరు గాజు బాగుంది, గీతలు సరిగ్గా ఉన్నాయి. రబ్బరు బిరడా మాత్రం నాసిరకం. రంధ్రం వదులుగా ఉండి మామూలు కొమ్మ చుట్టూ సందు మిగులుతుంది. సందు చుట్టూ పెట్రోలియం జెల్లీ దట్టంగా పూస్తే నిలబడింది. ఇంకో ముక్క, ఈ పరికరం కొలిచేది కొమ్మ ఎంత నీరు పీల్చిందో, ఎంత ఆవిరి చేసిందో కాదు. రెండూ దాదాపు సమానమే గానీ ఒకటే కాదు. పుస్తకం రెండింటినీ కలిపేసింది.

ఎర్ర రంగు సీసా గురించి పెద్దగా చెప్పేదేం లేదు. తెల్లపూల కొమ్మని అందులో పెడితే రేకుల్లో ఈనెలు ఎర్రబడతాయి, కాండం అడ్డంగా కోస్తే ఎర్ర చుక్కలు కనపడతాయి. అది చూపించేది దారువునే.

పోషక కణజాలాన్ని బతికుండగా చూడాలనుకుంటే, పెట్టెతో పని లేకుండా ఒక లేత గుమ్మడి తీగ తెచ్చి కొత్త బ్లేడుతో అడ్డంగా కోయండి. కోసిన ముఖం మీద అక్కడక్కడ చుక్కలు క్షణాల్లో ఉబికి వస్తాయి. వేలితో తాకితే కాసేపట్లోనే అవి జిగటగా, జెల్లీలా గట్టిపడటం తెలుస్తుంది. స్లైడులో ఫలకం దగ్గర ముద్దగా కనపడేదాని పుట్టుక ఇదే. నేను పిల్లలకు ముందు ఈ తీగ కోసి చూపించి, ఆ తర్వాతే గుమ్మడి స్లైడు పెడుతున్నాను. ఆ వరసలో పెడితే వంకర సెక్షను కూడా పనికొస్తోంది.

మైక్రోస్కోపు ఇప్పటికే ఉండి, పక్కన తెలిసినవాళ్లు ఒకరుంటే ఈ పెట్టె కొనొచ్చు. ఐదుకి మూడున్నర. మొక్కజొన్న, పైన్, బాస్‌వుడ్ స్లైడ్లు విడిగా దొరికితే అవే తీసుకుని, పోటోమీటరు వేరే చోట చూసుకోవడం ఇంకా మేలు. మైక్రోస్కోపు లేకుండా, గైడు పుస్తకం మీద ఆధారపడి పిల్లలకి సొంతంగా వదిలేసేటట్టయితే వద్దు. కొన్నవాళ్లు పెట్టెను అడ్డంగా, స్లైడ్లు పడుకున్నట్టుగా పెట్టండి, నిలబెడితే జిగురు పూర్తిగా ఆరని కవర్‌స్లిప్పులు జారొచ్చు. ఎండ తగిలే కిటికీ దగ్గర ఉంచకండి, ఫాస్ట్ గ్రీన్ వెలిసిపోతుంది. అది పోతే చాలనీ నాళాలు అసలే కనపడవు.